గడిలో పట్టని ‘లా’

మా నిలయంలో చేరాలంటే ఒకటే అర్హత. నా అన్నవాళ్ళు ఎవరూ ఉండకూడదు. ఆ సంగతి కాయితం మీద రుజువు చేసుకోవాలి. నాకెవరూ లేరని, నన్ను బాగా ఎరిగినవాళ్ళు ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టాలన్నారు. పెట్టారు. బాగా ఎరిగినవాళ్ళు ఇద్దరుంటే ఎవరూ లేరని ఎలా అవుతుందని అనుమానం వచ్చింది గాని అడగలేదు. నలభై ఏళ్ళు గోదావరి మీద పంటు నడిపినవాణ్ణి. ఇంజను పక్కన నిలబడే ఉద్యోగం, అడిగినా ఎవరికీ వినపడదు. ఈ రేవులో ఎక్కినవాళ్ళను లెక్కపెట్టుకోవడం, ఆ రేవులో దిగినవాళ్ళను లెక్కపెట్టుకోవడం, రెండూ సరిపోతే అన్నం తినడం. ఆ లెక్కపెట్టే అలవాటొక్కటి మిగిలింది.

నిలయంలో ముప్పై ఒక్కమందిమి. ఎవరికీ ఎవరూ లేరు. మమ్మల్ని చూడ్డానికి సూపరింటెండెంటు గున్నేశ్వరరావు గారు, ఇద్దరు ఆయాలు, ఒక వంటమనిషి, నర్సు సువార్త.

నర్సు చదువు చదివినవాళ్ళు ముసలివాళ్ళ దగ్గర నిలవరు. ఆస్పత్రిలో అయితే రోగి బాగుపడతాడు, దండం పెట్టి ఇంటికి వెళ్తాడు. మా దగ్గర ఎవరూ బాగుపడరు, వెళ్ళడానికి ఇల్లూ లేదు. సువార్తకు ముందు ఏడుగురు వచ్చారు. ఒకావిడ పొద్దున చేరి, మధ్యాహ్నం భోంచేసి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. సువార్త మాత్రం పదకొండేళ్ళుగా ఉంది. అదీ కాంట్రాక్టు మీద. పర్మనెంటు చేసే ఫైలు పై ఆఫీసులో ఆఖరి బల్ల మీదికి చేరిందని, ఒక్క సంతకం మిగిలిందని, ఆ ఏడు ఉగాదినాడు ఆయాలకు లడ్డూ పంచింది.

సువార్త పని చూస్తే అందులో చదువెంతో ఓపికెంతో తెలియదు. మంచం దిగలేనివాళ్ళను రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతుంది, వీపు పుండు పడకుండా. గోళ్ళు తీస్తుంది. పళ్ళ సెట్లు కడిగి ఎవరివి వాళ్ళకిస్తుంది. అది చిన్న విషయం కాదు. ఆవిడ సెలవు పెట్టిన రోజున నేను వేరే ఎవరివో పళ్ళతో ఇడ్లీ తిన్నాను. ఇక పొద్దున్నే వచ్చి మంచం మంచానికీ అడిగే ప్రశ్న ఒకటే. అయ్యిందా అని. ఏది అని ఎవరూ అడగరు. మా వయసులో అవ్వాల్సింది ఒకటే.

ఆ ప్రశ్న వరస కలపకుండా అడగడం కుదరదు. సూరపరాజు గారు ఒకప్పుడు వాళ్ళ ఊరికి ప్రెసిడెంటుగా చేసిన మనిషి. ఏమయ్యా అయ్యిందా అంటే కర్ర తీస్తాడు. తాతా, అయ్యిందా అంటే, రెండ్రోజులైంది తల్లీ అని నిజం చెబుతాడు. దావీదును చిన్నాన్నా అంటుంది. గవరమ్మను అత్తా అంటుంది. గవరమ్మకు సుగరు. సూది పొడవడానికి ఎవరు వచ్చినా చెయ్యి దాచేస్తుంది. అత్తా, చెయ్యి అంటే మాత్రం కోడలికిచ్చినట్టు ఇస్తుంది, రెండు సాధింపు మాటలు కలిపి.

నన్ను ఏమని పిలవాలో ఆవిడకు తెలియలేదు. చేరిన రోజున అడిగింది. నేనేమీ చెప్పలేదు. అందుకని ఏవండీ అంటుంది. ఏవండీ, అయ్యిందా అంటుంది. నేను తలూపుతాను. లేకపోతే ఊపను.

ఇలా ఉండగా పై ఆఫీసులో సంతృప్తి మీద మోజు పుట్టింది. ముసలివాళ్ళు సంతృప్తిగా ఉన్నారో లేదో కొలిచి పంపమని కాయితాలొచ్చాయి. అందులో ఏడో ప్రశ్న, ‘స్టాఫ్ నర్సు మీతో ఎట్లు మెలగుచున్నారు?’ అని. జవాబుకు ఒక గడి. గడి వెడల్పు బొటనవేలంత.

గున్నేశ్వరరావు గారే మంచం మంచానికీ తిరిగి రాసుకున్నారు. ముప్పై మందీ దాదాపు ఒకటే చెప్పారు. సొంత మనవరాలిలా, సొంత కూతురిలా, సొంత కోడలిలా అని. ఆయన రాత గుండ్రంగా, పెద్దగా, కళ్ళకద్దుకునేలా ఉంటుంది. ‘సొంత మనవరాలి’ దగ్గరికి వచ్చేసరికి గడి అయిపోయింది. ‘లా’ పట్టలేదు. అలా వదిలేస్తే వ్యాకరణ దోషం. ఆయన తెలుగు ఎమ్మే. కనక ‘సొంత మనవరాలు’ అని దిద్దారు. ముప్పై కాయితాల్లోనూ ముప్పై లాలు పోయాయి. నా దగ్గరికి వచ్చి అడిగితే నేనేమీ చెప్పలేదు. గడిలో ఒక గీత గీసుకుని వెళ్ళారు.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. గున్నేశ్వరరావు గారు దాన్ని భోజనాల హాల్లో నిలబడి చదివారు. సదరు నిలయమందలి ముప్పై మంది లబ్ధిదారులకు సొంత బంధువు గలదని, సదరు బంధువు అదే నిలయమందు నర్సుగా పనిచేయుచున్నదని, బంధువులు కలవారు బంధువులు లేరని బొంకి చేరుట నిబంధన నాలుగు బి ప్రకారం నేరమని, తన వారిని తాను పనిచేయు చోట చేర్పించుకొనుట నర్సు చేసిన మరొక నేరమని, ఆమెను పర్మనెంటు చేయు ఫైలును విచారణ ముగియువరకు నిలిపివేయడమైనదని అందులో ఉంది.

సువార్త అప్పుడు గవరమ్మ గిన్నెలో జావ పోస్తోంది. గరిటె ఆగింది. మళ్ళీ కదిలింది.

విచారణకు డిప్యూటీ డైరెక్టరు పురుషోత్తం గారు వచ్చారు. వెంట ఒక స్టెనో. మనిషి చెడ్డవాడు కాదు. చొక్కా జేబులో నాలుగు పెన్నులు పెట్టుకున్నవాడు చెడ్డపని చెయ్యడు, చేసినా రాసిపెట్టుకునే చేస్తాడు. హాల్లో బల్లలు జరిపించి మమ్మల్నందరినీ కూర్చోబెట్టారు. గున్నేశ్వరరావు గారు చేతులు నలుపుకుంటూ గడి సంగతి విన్నవించుకున్నారు. లా అనే అక్షరం చోటు లేక పోయిందని, అందరూ అన్నది మనవరాలిలా అని, మనవరాలు అని కాదని.

పురుషోత్తం గారు కాయితం తీసి వెలుతురులో పెట్టి చూశారు. వెనక్కి తిప్పి కూడా చూశారు.

“రికార్డులో లా లేదు. లేనిదాన్ని చదవడానికి నాకు అధికారం లేదు” అన్నారు.

స్టెనో అది రాసుకుంది.

తర్వాత ఆయన సువార్తను నిలబెట్టి ఒక్కొక్కర్నీ చూపిస్తూ అడిగారు. సిస్టర్, ఈయన్ను ఏమని పిలుస్తారు. సిస్టర్, ఈమెను ఏమని పిలుస్తారు. ప్రతి ప్రశ్నా ఆ మాటతోనే మొదలు. నాకు వేరే పని లేదు కనక వేళ్ళు మడుస్తూ కూర్చున్నాను. ఆవిడ దాచకుండా చెప్పింది. తాత అంటానండి, పిన్ని అంటానండి, అత్త అంటానండి. నోటి వరసలేనండి, ఆస్పత్రుల్లో అందరం అలాగే అంటామండి అని కూడా చెప్పింది. నోటి వరస, చేతి వరస అని రెండు రకాలు తమ నిబంధనల్లో లేవని పురుషోత్తం గారు చెప్పారు.

నా వంతు వచ్చింది. ఏమని పిలుస్తారంటే, ఏవండీ అంటానండి అంది.

పురుషోత్తం గారు పెన్ను పైకెత్తారు. మీ ఆయన్ను ఏమని పిలుస్తారని అడిగారు. సువార్త మొగుడు ప్రకాశం, ఊళ్ళో ఆటో నడుపుతాడు. మేనత్త కొడుకు, చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడు. బావా అంటానండి అని చెప్పింది.

ఆయన నా వైపు తిరిగి, ఆవిణ్ణి మీరేమని పిలుస్తారు అన్నారు.

ఏమీ పిలవనన్నాను.

అంతే. ఆయన ముఖం వెలిగింది. స్టెనోకు చెప్పి రాయించారు. సదరు నర్సు ప్రకాశం అనువానిని బావ అని పిలుచుచున్నందున అతడు బావ. పోతురాజు అను లబ్ధిదారును ఏవండీ అని పిలుచుచున్నందున అతడు భర్త. భార్యను పేరుతో గాని వరసతో గాని పిలవకుండుట ఈ ప్రాంతపు వృద్ధ భర్తల పరిపాటి అయినందున పై విషయం ధ్రువపడినది.

నాకు డెబ్భై ఆరు. ఆవిడకు ముప్పై ఆరు. పంటు మీద ఎన్నో పెళ్ళివారిని దాటించాను గాని నా పెళ్ళి ఇంత తొందరగా జరుగుతుందని అనుకోలేదు.

ఆ సాయంత్రమే ఒక పెద్ద అట్ట మీద అందరి వరసలూ గీతలు గీసి గోడకు తగిలించారు. పైన పేరు, ‘బంధుత్వ పటము’. గవరమ్మ సువార్తకు అత్త కనక, సువార్త భర్తకు తల్లి. భర్తను నేను. కాబట్టి గవరమ్మ నా తల్లి. ఆవిడకు అరవై తొమ్మిది. గున్నేశ్వరరావు గారు ఈ సంగతి భయపడుతూనే ఎత్తి చూపారు, తల్లి కొడుకు కంటే ఏడేళ్ళు చిన్నదవుతోందండీ అని. వయసుల విషయం వేరే సెక్షను చూసుకుంటుందని పురుషోత్తం గారు సెలవిచ్చి జీపెక్కారు.

పటం తగిలించిన మర్నాటి నుంచి నిలయంలో నడక మారింది. అప్పటిదాకా గవరమ్మ, దావీదు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పేపరు చెరో సగం చూసుకునేవాళ్ళు. చదువు ఇద్దరికీ రాదు, బొమ్మలు చూసేవాళ్ళు. దావీదు సువార్తకు చిన్నాన్న అని తేలింది. అంటే పిల్లవైపువాడు. గవరమ్మ పిల్లాడివైపు మనిషి. ఇడ్లీల వరసలో ఆవిడకంటే ముందు నిలబడ్డాడని దావీదుతో మాట మానేసింది. వియ్యపురాలొస్తే లేచి నిలబడడం తెలీని వంశమంది. దావీదు కూడా తగ్గలేదు. మా పిల్లకేం తక్కువ, ముసలి మొగుడికి కట్టబెట్టింది మీరే కదా అన్నాడు. ముసలి మొగుణ్ణి నేను అక్కడే ఉన్నాను. ఇడ్లీ తింటున్నాను.

గవరమ్మ నన్నూ వదల్లేదు. పోతురాజూ మంచినీళ్ళు పట్రా, పోతురాజూ ఆ గెడ్డం గీయించుకో అని మొదలెట్టింది. తెచ్చాను. గీయించుకున్నాను. మా అమ్మ నా మూడో ఏట పోయింది. మంచినీళ్ళడిగేంత కాలం లేదు.

ప్రకాశం ఒకరోజు ఆటో గేటు దగ్గర ఆపి లోపలికొచ్చాడు. పటం ముందు నిలబడి మొత్తం చదివాడు. గొడవ పడతాడేమోనని ఆయాలు పక్కకు తప్పుకున్నారు. నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

“అయితే ఆదోరం చర్చికి మీరు తీసుకెళ్తారేటండి? నాకు బేరాలుంటన్నాయి.”

ఈ నవ్వులు వారం రోజులే నడిచాయి. ఆ తర్వాత రెండు ఆర్డర్లు ఒకే కవరులో వచ్చాయి. మొదటిది సువార్తకు. బంధువులు తేలినందున ముప్పై ఒక్కమంది లబ్ధిదారులను సదరు బంధువు పదిహేను రోజులలో తన నివాసమునకు తరలించుకొనవలెను. తరలించుకొనని యెడల విధుల నుండి తొలగింపబడును. తరలించుకొనిన యెడల నిలయమందు లబ్ధిదారులు ఉండరు గనుక నర్సు పోస్టు అవసరం లేదని ఆ పోస్టు రద్దు చేయబడును. సువార్త ఇల్లు రెండు గదుల రేకుల షెడ్డు. ఆవిడ ఆర్డరు రెండుసార్లు చదివి, అటైనా పోతాను ఇటైనా పోతాను, నేనేటి చెయ్యాలండి అని గున్నేశ్వరరావు గారిని అడిగింది. ఆయన అచ్చుతప్పులున్నాయేమోనని చూశారు. లేవు.

రెండోది అందరికీ. గడువు తీరేవరకు నర్సు ఎవరినీ వరసతో పిలవరాదు. లబ్ధిదారులను నంబరుతో, గౌరవ వాచకముతో సంబోధించవలెను. ఉల్లంఘించిన తక్షణం తొలగింపు.

మర్నాడు పొద్దున సువార్త సూరపరాజు గారి మంచం దగ్గరికి వెళ్ళి కాయితంలో చూసి, లబ్ధిదారు నంబరు పదకొండు గారూ, తమకు అయినదా అని అడిగింది. ఆయన ప్రెసిడెంటు ముఖం పెట్టి, ఆ విషయం రాతపూర్వకంగా అడగమన్నాడు. నాలుగు రోజులు ఎవరూ ఏమీ చెప్పలేదు. అయినవాళ్ళు చెప్పలేదు, కానివాళ్ళు అసలే చెప్పలేదు. ఐదో రోజుకు దావీదు కడుపు పట్టుకుని మంచం మీద దొర్లాడు. పదకొండేళ్ళుగా ఎవరికి ఎన్ని రోజులైందో వేళ్ళ మీద చెప్పే మనిషి ఊరికే చార్టు పట్టుకుని నిలబడింది.

నన్ను ముప్పై ఒకటి గారూ అంది. ఏవండీ అన్నప్పుడు తలూపేవాణ్ణి. నంబరుకు ఊపబుద్ధి కాలేదు.

అసలు చిక్కు గవరమ్మతో వచ్చింది. నంబరు తొమ్మిది గారూ, చెయ్యి ఇవ్వండి అంటే, ఆవిడ అటూ ఇటూ చూసి, “తొమ్మిదెవత్తే? నాకు పేరు లేదేటి, వరస లేదేటి?” అని చెయ్యి చీర కిందికి దాచేసింది. ఆయాలు పట్టుకుంటే కొరికింది. అలా నాలుగు రోజులు పోయాయి. ఐదో రోజు పొద్దున నన్ను మంచినీళ్ళడగలేదు. నేనే తీసుకెళ్ళాను. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కుండెడు నీళ్ళు తాగి, మళ్ళీ మూలుగుతూ పడుకుంది. సువార్త మంచం పక్కన సూది పట్టుకుని కూర్చుంది. ఒక్క మాటంటే పనైపోతుంది. ఆ మాటంటే ఉద్యోగం పోతుంది. ఊళ్ళో డాక్టరుకు ఫోను చేస్తే, సూది ముందు పొడిచి తర్వాత తీసుకురండి అన్నాడు. ఆస్పత్రికి పంపడానికి దగ్గర బంధువు సంతకం కావాలన్నారు గున్నేశ్వరరావు గారు. దగ్గర బంధువును నేనే కదా, కొడుకుని. పెట్టాను. పటానికి పై ఆఫీసు ఆమోదం ఇంకా రాలేదు కనక నా సంతకం చెల్లదన్నారు.

ఆ రోజే పురుషోత్తం గారి ఆఖరి విచారణ. పది గంటలకు జీపు వచ్చింది. అందరినీ హాల్లోకి తెచ్చారు. గవరమ్మను చక్రాల కుర్చీలో తెచ్చి నా పక్కన పెట్టారు. తల ఒక పక్కకు వాలిపోయింది.

పురుషోత్తం గారు మొదలెట్టారు. సిస్టర్, తరలింపునకు ఏర్పాట్లు చేసితిరా. సిస్టర్, ఇంటి కొలతలు సమర్పించితిరా. సువార్త ఆయన్ను చూడ్డం లేదు. గవరమ్మను చూస్తోంది. మధ్యలో లేచి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, నంబరు తొమ్మిది గారూ అంది. గవరమ్మ కళ్ళు తెరవలేదు. ఇంకోసారి అంది. చీర కింద చెయ్యి ఇంకొంచెం లోపలికి పోయింది.

సువార్త లేచి నిలబడింది. పురుషోత్తం గారిని చూసింది. గోడ మీద పటాన్ని చూసింది. మళ్ళీ కూర్చుంది.

“అత్తా, చెయ్యి ఇలా ఇయ్యి” అంది.

గవరమ్మ కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపింది. “ఇన్నాళ్ళూ ఏ గంగలో దిగేవే” అని కూడా అంది. గొణుగుడే గాని హాలంతా వినపడింది. సువార్త రక్తం చుక్క తీసి చూసి, మందు ఎక్కించి సూది పొడిచింది. పొడిచిన చోట బొటనవేలు ఒత్తి పట్టుకుంది.

పురుషోత్తం గారు అడ్డం రాలేదు. సూది బయటికి వచ్చేవరకు ఆగారు. ఆ మర్యాద ఆయనకుంది. తర్వాత స్టెనో వైపు తిరిగి, పది గంటల ఇరవై రెండు నిమిషములకు ఉల్లంఘన జరిగినది అని రాయించారు.

“సిస్టర్, మీరు ఈ క్షణం నుండి విధుల్లో లేరు. తాళాలు అప్పగించండి” అన్నారు.

“అరవై నాలుగు” అన్నాను.

ఎవరన్నదీ ముందు ఎవరికీ అర్థం కాలేదు. నా గొంతు అక్కడ చాలామంది వినలేదు. పురుషోత్తం గారు ఏమిటి అరవై నాలుగన్నారు.

“ఆవిణ్ణి తమరు సిస్టర్ అన్నది. మొన్న యాభై ఐదు, ఇయ్యాళ తొమ్మిది. స్టెనో గారి కాయితంలో చూసుకోండి.”

స్టెనో తిరగేసింది. లెక్కపెట్టింది. అరవై నాలుగేనండి అంది.

“అయితే?” అన్నారు పురుషోత్తం గారు.

“సిస్టరంటే తోబుట్టువు కదండి.”

ఆయన నవ్వి, ఓపిగ్గా చెప్పారు. సిస్టర్ అన్నది హోదా అని, దేశమంతా నర్సులను అలాగే పిలుస్తారని, అది వరస కాదని, వరసలాగా వినపడుతుందంతే అని.

“కాయితంలో సిస్టర్ అనే ఉంది. సిస్టర్‌లా అని లేదండి” అన్నాను. “లేనిదాన్ని చదవడానికి అధికారం లేదన్నారు తమరు.”

గున్నేశ్వరరావు గారు ఎందుకో లేచి పటం దగ్గరికి వెళ్ళారు. ఎమ్మే చదివినవాడు కదా. జేబులోంచి పెన్సిలు తీసి సువార్త పేరు పక్కన ఒక గీత గీసి, దాని చివర చిన్న గడి గీశారు. ఈసారి అక్షరాలు చిన్నవిగా రాశారు. ‘సోదరుడు’. తర్వాత వెనక్కి తిరిగి, నిబంధన నాలుగు సి ప్రకారం బంధువులలో పర్మనెంటు ఉద్యోగి అయిన మగవాడు ఉంటే పోషణ బాధ్యత ముందు అతనిదేనండీ అన్నారు.

పురుషోత్తం గారు లేచి నిలబడ్డారు.

నేను నా కుర్చీ ఆయన వైపు జరిపాను. మా వైపు ఒక మాటుంది. వరస లేనివాణ్ణి వరసపెట్టి పిలిస్తే పళ్ళు రాలతాయి. ఉన్నవాణ్ణి పిలవకపోతే అలుగుతాడు. నేను ఆవిడ భర్తనని ఆయనే రాయించారు. భార్య తోబుట్టువు ఏమవుతాడో రాయించనక్కర్లేదు.

“కూర్చో బామ్మర్దీ” అన్నాను.

ముందు దావీదు నవ్వాడు. కడుపులో ఐదు రోజుల సరుకుంది, నవ్వితే కష్టమని పట్టుకుని మరీ నవ్వాడు. ఏమన్నావని పురుషోత్తం గారు నా మీదికి వచ్చారు. నేను పటం చూపించాను. ఆయన సంతకం కిందే ఉంది.

అప్పటికే సగం మంది లేచిపోయారు. ట్రంకు పెట్టెలు మంచాల కిందనుంచి బయటికి వచ్చాయి. పురుషోత్తం గారి క్వార్టర్సులో గదులెన్ని అని ఒకరు, మరుగుదొడ్లు గొంతుక్కూర్చునేవా కుర్చీవా అని ఒకరు అడిగారు. ఆ రెండో ప్రశ్న మాకు ప్రాణంతో సమానం. గవరమ్మకు సూది పని చేస్తున్నట్టుంది, కళ్ళు తెరిచి, కోడలి అన్నగారు వచ్చారా, కాళ్ళకు నీళ్ళిచ్చారా అంది. దావీదు వియ్యపురాలి కుర్చీ పట్టుకుని తోస్తున్నాడు. ఇద్దరూ ఇప్పుడు ఒక వైపే.

పురుషోత్తం గారు కాఫీ కూడా తాగకుండా బయటికి నడిచారు. జీపు ముందు సీట్లో సూరపరాజు గారు కూర్చుని ఉన్నాడు, కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని. పెద్దవాణ్ణి, నాకు ముందు సీటే అన్నాడు. మనవడా, బండి పోనియ్యి అన్నాడు పురుషోత్తం గారితో. డ్రైవరు బతిమాలాడు. గున్నేశ్వరరావు గారు బతిమాలారు. పావుగంట గడిచింది. చివరికి పురుషోత్తం గారు వరండాలోకి వచ్చి సువార్త ముందు నిలబడ్డారు. పిలవడానికి నోరు తెరిచి, ఏమని పిలవాలో తెలియక మూసుకున్నారు. చేత్తో జీపు వైపు చూపించారు.

సువార్త చేతిలోని తాళాలింకా అప్పగించలేదు. వాటిని నడుముకు దోపుకుని జీపు దగ్గరికి వెళ్ళింది. తాతా, ఆరో రోజు, ఇక దిగు, ఎనీమా పెట్టాలి అంది. ఆయన మారు మాట్లాడకుండా దిగాడు.

మూడు వారాలకు ఆర్డరు వచ్చింది. పై విచారణమందలి ఇబ్బందులన్నింటికి మూల కారణం ఏడవ ప్రశ్నకు ఎదుటనున్న గడి వెడల్పు చాలకపోవుటయే అని తేలినందున, సదరు గడి వెడల్పును అర అంగుళం పెంచడమైనదని, పటమును తీసివేసి భద్రపరచవలెనని, విచారణ ముగిసినదని అందులో ఉంది. ఎవరూ తప్పు చెయ్యలేదు. గడి చేసింది. దానికి శిక్ష పడింది.

ఆ వెనకే సువార్త పర్మనెంటు ఆర్డరు వచ్చింది. అందులో భర్త పేరు ఉండాల్సిన చోట లంక పోతురాజు అని ఉంది. విచారణలో ధ్రువపడిన విషయం కదా. దిద్దించాలంటే విడాకుల కాయితం గాని, నా మరణ ధ్రువపత్రం గాని జతపరచాలన్నారు. ప్రకాశం ఆలోచించి, తొందరేటండి, మీ వీలు చూసుకునే చేద్దురు గాని అన్నాడు. సువార్త ఆర్డరు మడిచి బీరువాలో పెట్టింది. ఉండనీండి అంది. ఇంకా నన్ను ఏవండీ అనే అంటుంది.

పురుషోత్తం గారు తనిఖీలకు వస్తూనే ఉన్నారు. ఇప్పుడాయన సువార్తను సిస్టర్ అనరు. ఏమీ పిలవరు. ఏమీ పిలవనివాళ్ళు ఏమవుతారో రాయించింది ఆయనే.

ఈ ఏడు సంతృప్తి కాయితాలు మళ్ళీ వచ్చాయి. గడి నిజంగానే పెద్దదైంది. గున్నేశ్వరరావు గారు ముప్పై మంచాలూ తిరిగి నా దగ్గరికి వచ్చి, అలవాటు ప్రకారం గీత గీయబోయారు. సొంత మనవరాలిలా అని రాసుకోమన్నాను. ఆయన నన్ను ఒకసారి చూసి, గుండ్రటి అక్షరాలతో నిదానంగా రాశారు. అంతా పట్టింది. చూశావా, ‘లా’ తర్వాత ఇంకా చోటు మిగిలిందని నాకు చూపించి సంతోషపడ్డారు.

“ఆ లా కొట్టెయ్యండి” అన్నాను.

ఆయన గొంతు తగ్గించారు. “పోతురాజూ, ఫైల్లో నువ్వు ఆవిడ మొగుడివి. గడిలో తాతవని ఉంటే పై ఆఫీసు ఏమైపోవాలయ్యా?”

“కొట్టెయ్యండి.”

కొట్టేశారు. అవతలి మంచం దగ్గర్నుంచి సువార్త చార్టు పట్టుకుని ఇటు తిరిగింది.

“ఏవండీ, అయ్యిందా?”

అయ్యిందన్నాను.